పెర్గము రాజుల మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పెర్గమును ఏలిన అట్టాలిడ్ వంశం మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. గ్రీకు చరిత్ర అంటే మనవాళ్లకు అలెగ్జాండర్, ఆ తర్వాత నేరుగా క్లియోపాత్రా. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు ఖాళీ. అందులో నువ్వు ఈజిప్టు టోలెమీలనూ, సిరియా వైపు ఏలిన సెల్యూకస్ వారసులనూ వదిలేసి, ఒక కొండకోట నుంచి పైకొచ్చిన చిన్న కుటుంబాన్ని ఎంచుకున్నావు. మంచి ఎంపిక. కానీ వ్యాసంలో ఆ కుటుంబం కనబడలేదమ్మా. రాజులు వరసగా వచ్చారు, యుద్ధాలు చేశారు, పోయారు. చదవడం అయ్యాక ఒక్క మనిషీ గుర్తు లేడు.

ముందు పేర్ల సంగతి చెబుతాను. ఒకచోట పెర్గమాన్ అన్నావు, ఇంకోచోట పెర్గామమ్ అన్నావు. తెలుగు బైబిల్లో ప్రకటన గ్రంథం చదివినవాళ్లకు ఈ ఊరు ఎప్పటినుంచో పెర్గముగా తెలుసు. మన భాషలో స్థిరపడిన పేరుండగా కొత్తది ఎందుకు? ఇప్పటి టర్కీలోని బెర్గామా అదేనని ఒక్కసారి చెప్పు, చాలు. ఇక ముగ్గురు అట్టాలస్‌లు, ఇద్దరు యూమెనీస్‌లు. వీళ్లకు నంబర్లు వేస్తూ పోతే పాఠకుడు మూడో పేరాకే తికమక పడతాడు. తాత పేరు మనవడికి పెట్టుకునే వాళ్లం మనం. చుట్టరికం చెబితే మనకు ఇట్టే అర్థమవుతుంది. పెద్దకొడుకు, రెండోవాడు, మనవడు అని రాయి.

వంశం మొదలుపెట్టిన ఫిలెటైరస్‌ను ఒకే వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. పసివాడిగా ఉన్నప్పుడు ఒక అంత్యక్రియల దగ్గర జనం తోపులాటలో, ఎత్తుకున్న దాదితో సహా నలిగిపోయి, పిల్లలు పుట్టే యోగం పోగొట్టుకున్నాడని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అలాంటివాడు ఒక రాజవంశానికి మూలపురుషుడయ్యాడు! అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లైసిమాకస్ రాజు పెర్గము కోటలో 9,000 టాలెంట్ల ధనం పెట్టి ఇతన్ని కాపలా ఉంచాడు. ఒక టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు. వెండి లెక్కన 230 టన్నులు దాటుతుంది. దాన్ని నేటి రూపాయల్లోకి మార్చావు చూడు, అది తీసెయ్. బరువు చెబితే పాఠకుడి కళ్ల ముందు కోట కొట్టు నిండుతుంది, కోట్లు చెబితే ఏమీ కనబడదు. క్రీ.పూ. 282 ప్రాంతంలో లైసిమాకస్ ఇంట్లో హత్యలు మొదలయ్యేసరికి ఫిలెటైరస్ అతని ప్రత్యర్థి సెల్యూకస్ పక్షం చేరాడు. మరుసటి ఏడు సెల్యూకస్‌ను చంపేస్తే, చాలా డబ్బు పోసి ఆ శవాన్ని కొని, దహనం చేయించి, అస్థికలు కొడుకు అంతియోకస్‌కు పంపాడు. ఈ ఒక్క పనిలో మనిషి మొత్తం తెలుస్తాడు. తెలివీ ఉంది, మర్యాదా ఉంది.

ఆయన బొమ్మ ఉన్న వెండి నాణెం ఫొటో పెద్దది చేసి చూడు. లావు మెడ, బరువైన దవడ. అందగాణ్ణి చేయాలని చెక్కినవాడు ప్రయత్నించలేదు. వారసులు రాజులయ్యాక కూడా, ఒకటీ అరా తప్ప, తమ ముఖం వేసుకోకుండా ఈ పెద్దాయన ముఖాన్నే నాణేల మీద కొనసాగించారు. నీ వ్యాసంలో ఈ నాణెం లేదు.

ఇంకో మాట. గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి 14 ధర్మశాసనాలున్నాయి కదా. వాటిలో 13వ శాసనం అంతియోక, తురమాయ, అంతికిని, మగ, అలికసుందర అని ఐదుగురు యవన, అంటే గ్రీకు, రాజులను చెబుతుంది. ఆంధ్రుల పేరూ అదే శాసనంలో వస్తుంది. పెర్గము మాత్రం లేదు. అప్పటికి అక్కడ ఏలుతున్నది ఫిలెటైరస్ అన్నకొడుకో తమ్ముడికొడుకో అయిన యూమెనీస్. అతను రాజు బిరుదు పెట్టుకోలేదు. తర్వాతివాడు, మొదటి అట్టాలస్, ఆ చుట్టుపక్కల దోచుకునే గలేషియన్లను (బైబిల్లో గలతీయులు) ఓడించాకే రాజునని ప్రకటించుకున్నాడు. ఈ సంగతి వ్యాసంలో పెట్టు, మన పాఠకుడికి కాలం ఎక్కడ ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు చోటు. ఈ మొదటి అట్టాలస్ భార్య అపొల్లోనిస్ రాజకుమార్తె కాదు, సైజికస్ పట్నంలో మామూలు పౌరుడి కూతురు. నలుగురు కొడుకులు. ఆమె పుట్టింటి ఊరికి వచ్చినప్పుడు కొడుకులు తల్లిని మధ్యలో పెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని గుళ్లన్నీ తిప్పారని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రాశాడు. ఆ కాలపు రాజకుటుంబాల్లో ఇది ఎంత అరుదో చెప్పు. క్రీ.పూ. 180లో మాసిడోనియాలో పెద్దకొడుకు పెర్సియస్ తమ్ముడి మీద నిందలు మోపితే, తండ్రి అయిన రాజే ఆ చిన్నకొడుకును చంపించాడు. ఆ పెర్సియసే 172లో అపొల్లోనిస్ పెద్దకొడుకు, అప్పటికి పెర్గము రాజైన యూమెనీస్ మీద హత్యాయత్నం చేయించాడని ఆరోపణ. గ్రీసులోని పుణ్యక్షేత్రం డెల్ఫీకి ఎక్కే ఇరుకు దారిలో గోడ పక్కన కాచుకుని, పైనుంచి రెండు బండలు దొర్లించారు. ఒకటి తలకు, ఒకటి భుజానికి తగిలింది. ఏజినా ద్వీపంలో రహస్యంగా వైద్యం జరుగుతుంటే, రాజు చచ్చిపోయాడని పెర్గములో పుకారు. రెండోవాడు అట్టాలస్ కిరీటం పెట్టుకున్నాడు, వదిననూ పెళ్లాడాడు. ఇంతలో అన్న బతికే ఉన్నాడన్న కబురు. కిరీటం తీసి పక్కన పెట్టి, ఈటె పట్టుకుని, అంగరక్షకుల్లో ఒకడిగా అన్నకు ఎదురెళ్లాడు. అన్న కౌగిలించుకున్నాడు.

నువ్వు దీనికి ఇచ్చింది రెండు వాక్యాలు. యుద్ధానికి నాలుగు పేరాలు! ఆ ఎదురెళ్లే దారిలో ఆ తమ్ముడికి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించు. కానీ ఆలోచించింది వాస్తవంగా రాయకు. నా మొదటి రోజుల్లో ఒక రాజు నోట నేను కల్పించిన మాట పెట్టాను. ఒక పాఠకుడు ఉత్తరం రాసి అది ఎక్కడుందని అడిగాడు. జవాబు రాయలేకపోయాను, ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. వదినతో పెళ్లి సంగతి చెప్పింది గ్రీకు రచయిత ప్లూటార్క్, రెండు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పే కథలో పెళ్లి లేదు, వదినతో వారసుడిలా మాట్లాడాడనే ఉంది. రెండూ పాఠకుడి ముందు పెట్టు. అన్న పోయాక ఆ తమ్ముడే రాజై, ఫిలడెల్ఫస్, అంటే సోదరప్రేమి, అనే బిరుదుతో నిలిచాడు. ప్రకటన గ్రంథంలోని ఫిలదెల్ఫియకు ఆ పేరు వచ్చింది అతని వల్లనే.

పార్చ్‌మెంట్ పెర్గములోనే పుట్టిందన్న పేరా కొట్టెయ్. తోలు మీద రాయడం అంతకుముందే ఉంది.

చివరి అట్టాలస్‌ను పిచ్చివాడిగా చూపించావు. విషపు మొక్కలు పెంచాడన్నది ఎవరో చెప్పిన కథ. క్రీ.పూ. 133లో పిల్లల్లేక చనిపోతూ రాజ్యాన్ని రోముకు వీలునామా రాసిన మాట మాత్రం గట్టిది. పెర్గములోనే దొరికిన శాసనం దాన్ని చెబుతుంది, తమ పట్నాన్ని స్వతంత్రంగా వదిలాడనీ చెబుతుంది. ఆ శాసనంలో అతని బిరుదు ఫిలొమెటర్, తల్లిని ప్రేమించినవాడు. పిల్లల్లేని మనిషితో మొదలైన వంశం పిల్లల్లేని మనిషితోనే ఆగింది. ఇది నువ్వు గమనించే ఉంటావు, కానీ రాయలేదు.

ఈసారి డెల్ఫీ దారితో మొదలుపెట్టు. ఆ ఒక్క ఘట్టం రాసి నాకు ముందుగా పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.