పుట్టగొడుగులోని పుట్ట

సందేహం: ఎనిమిదో తరగతిలో పుట్టగొడుగుల పాఠం చెబుతుండగా, బజారులో అమ్మే బటన్ మష్రూమ్ పుట్ట మీద మొలవదు కదా, దాన్ని పుట్టగొడుగు అనవచ్చునా అని ఒక విద్యార్థి అడిగాడు. వాన పడగానే పుట్టుకొచ్చే గొడుగు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. ఏది సరి? రేకులున్న ఈ గొడుగులన్నీ ఒకే కుటుంబమని చెప్పవచ్చునా? (ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు జిల్లా)

సమాధానం: మీ విద్యార్థి సరైన చోటే పట్టుకున్నాడు. ఈ సమాసంలో ఉన్నది జన్మించడమనే అర్థం గల 'పుట్టు' ధాతువు కాదు; చెదలు పెట్టే పుట్టే. తెలుగులో ఈ రెండు మాటలకూ 'ట్ట' ఒక్కటే కావడం వల్ల పెద్దలు చెప్పే వ్యుత్పత్తికి ఆస్కారం దొరికింది గాని, పొరుగు భాషలు రెండింటినీ విడివిడిగానే నిలుపుకొన్నాయి. పుట్టను తమిళులు శకటరేఫంతో (ఱ) 'పుఱ్ఱు' అని రాస్తారు, కన్నడిగులు 'హుత్త' అంటారు. జన్మించడానికి మాత్రం కన్నడంలో 'హుట్టు' అనే ఉన్నది. అక్కడ తకారం రాదు. ఇది ఒక్క మాటలో కనిపించే వింత కాదు. మన 'చుట్టు' తమిళంలో 'చుఱ్ఱు', కన్నడంలో 'సుత్తు'. మన 'పట్టు' తమిళంలో 'పఱ్ఱు', కన్నడంలో 'హత్తు'. మూలద్రావిడంలో ఉండిన ఒక ద్విత్వాక్షరం తమిళంలో ఱ్ఱగా నిలిచి, కన్నడంలో త్తగా, తెలుగులో ట్టగా మారింది. కాబట్టి 'హుత్త'తో సరిపోలే మన పుట్టకూ, 'హుట్టు'తో సరిపోలే మన పుట్టుకకూ చుట్టరికం లేదు. గొడుగు సంగతి సులువు: తమిళంలో కుడై, కన్నడంలో కొడె.

పత్రికల్లో 'పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న శిక్షణ సంస్థలు' అని రాయడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ప్రాస కుదరడం వల్ల ఆ పలుకుబడి అతుక్కుపోయింది. దానితోబాటు, వేళాపాళా లేకుండా ఎక్కడ పడితే అక్కడ మొలిచేదే పుట్టగొడుగు అనే తప్పు అభిప్రాయమూ అతుక్కుపోయింది. నిజానికి అసలైన పుట్టగొడుగుకు ఉన్నంత కట్టుబాటు చాలా కొద్దివాటికే ఉంటుంది.

అది ఎలా మొలుస్తుందో చూస్తే పేరు పెట్టినవారి చూపు ఎంత సూటిదో తెలుస్తుంది. చెదపురుగులన్నీ బూజును సాగు చెయ్యవు. మాక్రోటెర్మిటినే అనే ఉపకుటుంబంలోని సుమారు 330 జాతులే ఆ పని చేస్తాయి. మన నేలల్లో పుట్టలు పెట్టే ఓడాంటోటెర్మిస్ చెదలు వాటిలోవే. ఇవి ఎండుటాకులనూ పుల్లలనూ నమిలి, ఒకసారి తమ కడుపులోంచి పోనిచ్చిన పదార్థంతో పుట్ట లోపల తుట్టెలు కడతాయి. ఆ తుట్టె మీద బూజు పెరిగి ఆవగింజలంత తెల్లని గుళికలు కాస్తుంది. చెదలు వాటిని తింటాయి. వానలు పడి నేల నానిన తరువాత ఆ తుట్టె నుంచే ఒక కాడ మట్టిలోంచి పైకి సాగి, మొనదేలిన టోపీతో పుట్టను చీల్చుకుని వచ్చి గొడుగు విప్పుతుంది. పీకకుండా చుట్టూ జాగ్రత్తగా తవ్వితే, కాడ కింద సన్నబడుతూ వేరులా సాగి తుట్టె దగ్గర ఆగడం కనబడుతుంది. పుట్ట లేనిదే ఆ గొడుగు లేదు. 'చీమలు పెట్టిన పుట్టలు' అని సుమతీ శతకకారుడు చీమలకు ఇచ్చిన కీర్తిలో కొంత చెదలకు చెందవలసిందే.

చెదపుట్టల లోపలి ఈ బూజుతోటను ఐరోపావారికి తెలియజెప్పిన తొలి రచన దక్షిణ భారతపు చెదల గురించినదే. తమిళ తీరంలోని తరంగంబాడిలో డేనిష్ వారి దగ్గర పనిచేసిన వైద్యుడు కోనిగ్ 1779లో తంజావూరు ప్రాంతపు చెదల గురించి రాస్తూ దానిని వర్ణించాడు. ఆయన 1785లో కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలోనే. ఈ పుట్టగొడుగుల ప్రజాతికి 'టెర్మిటోమైసిస్' అనే పేరును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో పెట్టాడు. ఆ పేరుకు అర్థం చెదబూజు. మన మాటలోని పుట్ట అక్కడ చెదగా మారింది, అంతే భేదం. దక్షిణ భారతంలో దొరికే ఒక జాతికి 1979లో హైమ్ పేరే పెట్టారు.

ఇక కుటుంబం. ఇక్కడ మీరు పిల్లలకు కొంచెం ఓపికగా చెప్పాలి, ఎందుకంటే శాస్త్రజ్ఞులకే ఈ లెక్క తేలడానికి చాలాకాలం పట్టింది. టోపీ అడుగున రేకులున్న గొడుగులను పూర్వం సిద్ధబీజాల రంగును బట్టి కుటుంబాలుగా పంచేవారు. తెల్ల బీజాలవి చాలావరకు ట్రైకోలొమాటేసీ అనే ఒక పెద్ద కుటుంబంలో చేరేవి. మన పుట్టగొడుగు బీజాలు లేత గులాబి రంగువి కావడంతో దానిని వేరే కుటుంబాల్లో పెట్టినవారున్నారు. బీజాలు కాసే కణాలకు కార్మైన్ అనే ఎర్రరంగు అద్దకం ఎక్కిస్తే కొన్నింటిలో ముదురు రంగు రేణువులు కనబడతాయి. ఆ లక్షణం ఆధారంగా తీర్చిన గుంపుకు 1981లో లయోఫిల్లేసీ అనే కుటుంబస్థాయి వచ్చింది. టెర్మిటోమైసిస్ చేరవలసినదీ ఈ కుటుంబంలోనేనని డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి.

ఆ కుటుంబంలోని వైవిధ్యం గమనించదగినది. 1974లో బెంగాల్ నుంచి వర్ణించిన కాలొసైబి ఇండికా, అంటే మన రైతులు వేసవిలోనూ పెంచుతున్న పాల పుట్టగొడుగు, ఇందులోదే. దానికి పుట్టతో పనిలేదు. జపాన్‌వారు ఇష్టంగా తినే షిమెజీలలో ఒకటి చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని పెరుగుతుంది, మరొకటి బీచ్ చెట్ల మానుల మీద మొలుస్తుంది. రెండూ ఈ కుటుంబానివే. ఆస్టరోఫొరా అనేది కుళ్లుతున్న మరో జాతి గొడుగు మీదనే మొలుస్తుంది. ఒక్క టెర్మిటోమైసిస్‌లోనే, రెండు సెంటీమీటర్లు దాటని టోపీలతో గుంపులుగా లేచే మైక్రోకార్పస్ ఉన్నది, టోపీ మీటరు వెడల్పు దాకా పెరిగే జాంబియా టైటానికస్ కూడా ఉన్నది. మైక్రోకార్పస్‌కు వేరులాంటి కాడ ఉండదు. చెదలు బయటకు తెచ్చిపోసిన తుట్టె ముక్కల మీద అది మొలుస్తుంది. మీ విద్యార్థి అడిగిన బటన్ రకం మాత్రం అగారికేసీకి చెందుతుంది. ముత్యపుచిప్ప రకం ప్లూరోటేసీది, వరిగడ్డి రకం ప్లూటియేసీది. గొడుగు ఆకారం ఒక్కటైనంత మాత్రాన వీటిని ఒక కుటుంబమని చెప్పకూడదు.

పుట్టగొడుగుకు చెప్పే సంస్కృత శబ్దాల్లో ఛత్రాకానికి ఒక్క మాట చాలు: గొడుగు వంటిది అని అర్థం, ధర్మశాస్త్రాలు దానిని తినరాదన్నాయి. శిలీంధ్రం దగ్గర మాత్రం ఆగాలి. మేఘదూతంలో కాళిదాసు మేఘగర్జనను వర్ణిస్తూ 'కర్తుం యచ్చ ప్రభవతి మహీముచ్ఛిలీంధ్రామవంధ్యామ్' అన్నాడు. నేలలోంచి శిలీంధ్రాలను పైకి లేపి, భూమి గొడ్డు కాదని చాటగల ఉరుము అది. మెతుకుసీమ (మెదక్) కొలిచెలమకు చెందిన మన మల్లినాథసూరి దీనికి వ్యాఖ్య రాస్తూ, శిలీంధ్రమంటే కందళి అని అర్థం చెప్పి, అవి లేవడం రాబోయే పంట సమృద్ధికి సూచన అని శకునాలు చెప్పే నిమిత్తశాస్త్రం నుంచి ఒక వచనాన్ని ఉదాహరించాడు. కందళి అన్నది గొడుగుజాతిదో, తొలకరికి మొలిచే మరో మొక్కో పండితులు తర్కించుకోవచ్చు. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెల్లో చెప్పుకునే మాటకు ఈ శ్లోకం ఎంతో దగ్గరగా ఉన్నదని నేను భావిస్తాను. అటువంటి శబ్దాన్ని నేటి పాఠ్యపుస్తకాలు రొట్టె మీది బూజు నుంచి వరి అగ్గితెగులు దాకా అన్నింటికీ వాడుతున్నాయి. పారిభాషికంగా అది స్థిరపడింది కాబట్టి మార్చమనను. కాని కాళిదాసును చదివేటప్పుడు ఆ అర్థాన్ని వెనక్కి తీసుకువెళ్లరాదు.

కుక్కగొడుగు అనే మాటను నిఘంటువులు సామాన్యార్థంలోనే ఇచ్చినా, వాడుకలో అది ఎక్కువగా తినడానికి పనికిరానిదానికి నిలిచింది. కాబట్టి అన్ని గొడుగులకూ కలిపి ఆ పేరు సూచించలేను.

బజారులోనూ వంటింట్లోనూ బటన్ రకాన్ని పుట్టగొడుగు అనడం తప్పని నేననను. అర్థవ్యాప్తి భాషలో సహజమే. తెలుగు వాక్యం మధ్యలో 'మష్రూమ్ కర్రీ' అనేకంటే 'పుట్టగొడుగుల కూర' అనడం వెయ్యి రెట్లు నయం, ఆ మాటకు నామోషీ పడవలసిన పనిలేదు. శాస్త్రపాఠంలో మాత్రం బటన్ పుట్టగొడుగు, పాల పుట్టగొడుగు అని విశేషణం చేర్చి రాయించండి. విశేషణం లేని పుట్టగొడుగు అన్న పేరును టెర్మిటోమైసిస్‌కు అట్టేపెట్టడం మంచిదని నా అభిప్రాయం. వాడుక దీనికి ఒప్పుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను.