ఆ పాఠం ఎగ్గొట్టిన టీచర్ని నేను

పోయిన నెల ఈ పేజీలో, పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠాన్ని చాలామంది టీచర్లు "ఇంటికెళ్ళి చదువుకోండి" అని దాటేస్తారని రాశాను. అలా దాటేసినవాళ్ళలో నేనూ ఉన్నానని కూడా రాశాను. పల్నాడు పల్లెల్లో ముప్పై ఒక్కేళ్ళు సైన్సు చెప్పాను. మొదటి పదేళ్ళూ ఆ పేజీలు రాగానే నాకు ఎక్కడలేని దగ్గూ వచ్చేది. ఆ రాత మీద చాలా ఉత్తరాలొచ్చాయి. పిల్లల మీదా ఆడవాళ్ళ మీదా జరిగే అఘాయిత్యాలని చదువు ఆపగలదా అనేదే అందరి ప్రశ్నా. వాటిలో నాలుగింటికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

*టీచర్ గారూ, మా పాప రెండో తరగతి. బడిలో 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' క్లాసు పెడతాం, సంతకం పెట్టి పంపండి అని కాగితం ఇచ్చారు. పసిపిల్లకి లేనిపోనివన్నీ నూరిపోస్తారా అని మా అత్తయ్యగారు కేకలేస్తున్నారు. మావారు పేపర్లోంచి తల ఎత్తరు. పంపాలా, మానాలా?*
*– ఒక తల్లి, తెనాలి*

సంతకం పెట్టి పంపమ్మా. ఈలోగా ఇంట్లో ఒక పని ఉంది. పాపకి స్నానం చేయిస్తూ ఇది ముక్కు, ఇది చెవి, ఇది బొజ్జ, ఇది మోకాలు అని పేర్లు చెప్తాం కదా. బొడ్డు కిందకి వచ్చేసరికి ఏమంటాం? "షేమ్ షేమ్." గౌను కాస్త పైకి లేస్తే "షేమ్ షేమ్, పప్పీ షేమ్." ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ కూడా మనవరాలిని అలాగే అనేది. అంటే ఆ చోటికి మనం పెట్టిన పేరే సిగ్గు. రేపు అక్కడ ఎవడైనా చెయ్యి వేస్తే పిల్ల వచ్చి నీకు ఏమని చెప్పాలి? పాఠ్యపుస్తకంలో ఉండే పేర్లకి ఏడేళ్ళ పిల్లకి నోరు తిరగదు, అవి అక్కర్లేదు. "ఉచ్చ పోసుకునే చోటు" అను, లేదా మీ ఇంట్లో అనుకునే మాట ఏదుంటే అదే అను. ఆ షేమ్ ఒక్కటి తీసెయ్యి.

ఇక ఆ గుడ్ టచ్, బ్యాడ్ టచ్ మాటలతో నాకు చిన్న పేచీ ఉంది. పిల్లల దృష్టిలో చెడ్డది అంటే నొప్పి పుట్టేది. ఆ పని చేసేవాడు నొప్పితో మొదలుపెట్టడు. చాక్లెట్ ఇస్తాడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, కితకితలు పెడతాడు, ఫోన్లో బొమ్మలు చూపిస్తాడు. అందుకని పాపకి గుట్టు గురించి చెప్పు. "నాన్న పుట్టినరోజుకి చొక్కా కొన్నాం, నాన్నకి చెప్పకు" అంటే ఆ గుట్టు రెండ్రోజుల్లో విప్పేది. "అమ్మకి ఎప్పటికీ చెప్పకు" అని ఎవరన్నా సరే, ఆ మాట అమ్మకి వెంటనే చెప్పాలి. ఎవరన్నా అంటే బాబాయి అయినా, సార్ అయినా, తాతయ్య అయినా.

ఇంకోటి. చుట్టాలొచ్చినప్పుడు "మావయ్యకి ముద్దు పెట్టు, లేకపోతే బిస్కెట్టు లేదు" అని పిల్లని ముందుకు తోస్తాం చూడు, అది మానెయ్. దణ్ణం పెట్టించు, చాలు. నీ ఒళ్ళు నీ ఇష్టం అని ఒక నోటితో చెప్తూ, ఇంకో నోటితో బిస్కెట్టు కోసం ఒప్పుకోమంటే పిల్లకి ఏది పాఠం?

అత్తయ్యగారికి నా మాటగా ఇది చదివి వినిపించు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు తమకి ఎదురైందన్నారు. అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. లేనిపోనివి క్లాసులో నూరిపోయనక్కర్లేదండీ, ఉన్నవే చాలా ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, బళ్ళలో కౌమార విద్య, అంటే ఎదిగే వయసు పిల్లలకి ఒంటి గురించి చెప్పే పాఠాలు, వద్దే వద్దని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు పక్కన పెట్టిందీ ఆ 2007లోనే.

*మేడం, మా వాడు తొమ్మిదో తరగతి. క్లాసు ఆడపిల్లలకి మార్కులు వేస్తూ మగపిల్లలు వాట్సాప్ గ్రూపు పెట్టారట. స్కూలు వాళ్ళు పిలిచి చూపించారు. ఆ రాతలు చదవలేకపోయాను. ఇంటికి తెచ్చి రెండు తగిలించి ఫోన్ లాక్కున్నాను. వాడు "అందరూ చేస్తున్నారుగా, జోక్‌గా" అంటాడు. ఇంకేం చెయ్యాలి?*
*– ఒక తండ్రి, ఒంగోలు*

ఆ గ్రూపులో ఆడపిల్లల ఫొటోలు, ముఖ్యంగా మార్చి అతికించినవి ఉంటే ముందు ఆ సంగతి చూడండి. అది జోకు కాదు, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం దాకా వెళ్ళే నేరం. పదిహేనేళ్ళవాడైనా, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి వస్తుంది. మీ వాడికి ఈ మాట తిన్నగా చెప్పండి, బెదిరించినట్టు కాదు. ఇక కొట్టడం గురించి. బలమున్నవాడు బలం లేనివాడి ఒంటి మీద ఏమైనా చేయొచ్చు అన్నది వాడు ఆ గ్రూపులో నేర్చుకున్నదే. మీరు ఇంటికొచ్చి దాన్నే రివిజన్ చేయించారు. కోపగించుకోకండి, నేనూ బెత్తం పట్టినదాన్నే.

పదకొండో ఏట నాకు దగ్గు తగ్గింది. ఎందుకు తగ్గిందో చివర చెప్తాను. అప్పట్నుంచీ ఆ పాఠం మొదలయ్యే వారం ముందు క్లాసులో ఖాళీ హార్లిక్స్ సీసా పెట్టేదాన్ని. పేరు రాయకుండా ఏ ప్రశ్నయినా చీటీ మీద రాసి వెయ్యమనేదాన్ని. బూతులొస్తాయని స్టాఫ్‌రూమ్‌లో నవ్వారు. వచ్చాయి, నాలుగైదు. మిగతావి చదివితే నాకే గొంతు పట్టేసింది. నిద్రలో జరిగేదాన్ని జబ్బనుకుని ఏడాదిగా భయపడుతున్నవాడు ఒకడు. ఇంకో చీటీ మాత్రం ఇప్పటికీ అక్షరాలతో సహా గుర్తుంది: "మేడం, అమ్మాయి వద్దంటే వద్దనేనా? సినిమాల్లో వద్దన్నాక వెంటబడితేనే కదా ఒప్పుకుంటది." రాసినవాడు వెధవ కాదు, అమాయకుడు. వాడికి పాఠం చెప్పింది సినిమా ఒక్కటే. మనం దగ్గుతున్నాం కాబట్టి.

దానికి జవాబు బోర్డు మీద రాయలేదు. పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్ళి ఒక అమ్మాయిని గోడవైపు నిలబెట్టాను. ఒక్కొక్కరే ఆమెవైపు నడవాలి. ఆమె "ఆగు" అన్నచోట ఆగాలి, ఆగినచోట సుద్దముక్కతో గీత గీయాలి. ప్రాణస్నేహితురాలు జానెడు దూరందాకా వెళ్ళింది. ఒక కుర్రాడికి నాలుగడుగుల దగ్గర పడింది గీత. ఇంకొకడికి పదడుగులు. ఆ పదడుగులవాడు ఆగాక ఇకిలించి మరో అడుగు ముందుకేశాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, వీపు గోడకి ఆనించింది.

ఆ ఒక్క అడుగు మీద మిగతా పీరియడంతా మాట్లాడుకున్నాం. "వాడికి నాలుగడుగులు, నాకు పదా? నేనేం చేశానని?" అని వాడి రోషం. నువ్వేం చేశావని కాదురా, ఆ గీత ఎక్కడ పడాలో చెప్పేది ఆమె, కారణం నీకు చెప్పక్కర్లేదు అన్నాను. ఎర్రబడ్డ మొహంతో కూర్చున్నాడు. గంట కొట్టాక తనే వచ్చి చెప్పుకాలితో తన గీత చెరిపేస్తూ, "ఊరికే వేశాను మేడం, వాళ్ళు నవ్వుతారని" అన్నాడు. మీ వాడి "జోక్‌గా" కూడా ఇదే. ఎవరి నవ్వు కోసం రాశాడో అడగండి. ఆ మార్కులు చూస్తే ఆ పిల్ల మర్నాడు ఏ మొహంతో బడికొస్తుందో వాణ్ణే చెప్పనివ్వండి. మీరు మధ్యలో అందివ్వకండి. ఇంట్లో "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనే మాట వినపడుతుంటే దాన్నీ ఫోన్‌తోపాటే లాక్కోండి. ఏడుపుని చులకన చేయడం అక్కడ నేర్చుకున్నవాడు పక్కదాని ఏడుపుని ఎందుకు లెక్కచేస్తాడు?

*టీచరమ్మా, ఇంజినీర్లు, డాక్టర్లు, సార్లు, అందరు సదువుకున్నోళ్ళే ఈ పాడు పనులు చేస్తున్నరు. ఇగ సదువుతోటి ఏం ఒరిగింది? నలుగుర్ని ఉరి తీస్తే అందరికి బుద్ధొస్తది.*
*– రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ*

పట్టా ఎవర్నీ ఆపదు, ఆ మాట ఒప్పుకుంటాను మాస్టారూ. పదహారేళ్ళు చదివిన ఇంజినీరుకి ఆ చదువులో ఈ సంగతి మీద ఒక్క గంటైనా ఎవరూ చెప్పి ఉండరు, చెప్పాల్సినప్పుడు నాలాంటిది దగ్గి ఉంటుంది. ఉరి మాటకొస్తే, 2012లో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచారం తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో పని పూర్తిచేసి 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్షని అది సిఫారసు చెయ్యలేదు. బళ్ళలో చదువు మారాలని మాత్రం ఒక అధ్యాయమే రాసింది. పదకొండు రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, కొన్ని నేరాలకి ఉరి కూడా అందులో చేరింది. చదువు అధ్యాయానికి అంత తొందర ఎవరూ పడలేదు.

దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. వాడు మరిదో, సొంత అన్నో అయినప్పుడు ఉరి అన్న మాటకి ముందు నోరు మూతపడేది ఆ పిల్ల తల్లికి.

*మేడం, నేను డీఎస్సీలో వచ్చి రెండేళ్ళైంది. ఏడో తరగతి పిల్ల ఒకతె, వాళ్ళింట్లో ఉండే బాబాయి వరస మనిషి గురించి నాతో చెప్పింది. చెప్తూ వణికిపోయింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా హెడ్మాస్టరు గారు "వాళ్ళింటి గొడవ మనకెందుకు, బడి పేరు పోతుంది" అంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.*
*– పేరు రాయలేను*

తల్లీ, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని అందులో 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. అదే బడి సిబ్బంది చేసిన పనిని హెడ్మాస్టరు దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. ఈ పేజీ మీ హెడ్మాస్టరు గారి టేబుల్ మీద పెట్టు. ఆయన కదలకపోతే నువ్వే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చెయ్యి.

పిల్లకి ముందుగా చెప్పు: "నాకు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, నీకు సాయం చేసేవాళ్ళకి మాత్రం నేను చెప్తాను." మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించకు, స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందు అసలే వద్దు. చెప్పింది చెప్పినట్టు తన మాటల్లోనే, తేదీ వేసి రాసి పెట్టుకో. ఆ పిల్ల స్టేషన్ మెట్లెక్కనక్కర్లేదు. ఇంట్లోనో తను కోరినచోటనో, యూనిఫాం వేసుకోని అధికారి వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంతవరకూ ఎస్సై స్థాయికి తగ్గని మహిళ. ఆ మనిషి ఉండేది ఇంట్లోనే కాబట్టి, ఇంట్లో వద్దనీ పిల్ల ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూడమనీ ఫోన్‌లోనే గట్టిగా చెప్పు.

నా దగ్గు ఎందుకు తగ్గిందో చెప్తానన్నాను. 1998లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వరసగా మూడ్రోజులు నా టేబుల్ దగ్గరకొచ్చి "కడుపు నొప్పి మేడం" అంది. మూడ్రోజులూ మాత్ర ఇచ్చాను. మూడో రోజు మాత్ర చేతిలో పట్టుకుని, వెళ్ళకుండా చాలాసేపు నిలబడింది. దిద్దాల్సిన పేపర్లున్నాయి, "ఇంకేంటే" అన్నాను తలెత్తకుండా. "ఏం లేదు మేడం" అని వెళ్ళిపోయింది. నాలుగో రోజు రాలేదు, తర్వాతా రాలేదు. చాన్నాళ్ళకి వాళ్ళ వీధి పిల్లలు చెప్పారు, ఆ పిల్లకి ఇంట్లో ఏం జరిగిందో, ఎంత తొందరగా పెళ్ళి చేసి పంపేశారో. అటెండెన్స్ రిజిస్టర్లో ఆ పేరు ఎదురుగా ఎర్ర సిరాతో నేనే గీత కొట్టాను.

నీ దగ్గరికొచ్చిన పిల్ల ఒక్క రోజులోనే నోరు విప్పింది. ఇది చదివిన రోజే ఫోన్ చెయ్యి. పదిహేను రోజులాగి నాకు ఉత్తరం రాయి. ఏం జరిగిందో రాయక్కర్లేదు, పిల్ల బడికి వస్తోందో లేదో రాయి చాలు.