గొడ్ల కొట్టాన్ని విడిది ఇల్లుగా మార్చబోతున్న మేనకోడలికి

బర్కత్‌పుర, హైదరాబాదు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వికారాబాదు అవతల మీ అత్తగారి ఊళ్లో ఉన్న రాతి గొడ్ల కొట్టాన్ని బాగుచేయించి, నగరం నుంచి నాలుగు రోజుల విశ్రాంతి కోసం వచ్చేవారికి అద్దెకు ఇవ్వాలని ఉందని రాసిన ఉత్తరం, దానితో పాటు గుత్తేదారు ఇచ్చిన అంచనా కాగితం అందాయి. అటువంటి విడిదినే పధ్నాలుగేళ్లుగా నడుపుతున్నాను కాబట్టి అడిగావు. అడిగావు కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఆ అంచనాలో సగం పనులు చేయించనవసరం లేదు, రెండు పనులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయించకూడదు.

మొదటిది తూర్పు గోడను పడగొట్టి అద్దాలు పెట్టించడం. మీ కొట్టం గోడలు రెండడుగుల మందం ఉన్నాయి. మే నెలలో మన నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు కూడా ఆ రాయి పగటి వేడిని తనలోనే పట్టి ఉంచి, గంటల తరువాత గాని లోపలికి వదలదు. అందుకే మధ్యాహ్నం లోపల చల్లగా ఉండి, రాత్రి తొలి జాములో కొంచెం ఉక్కగా అనిపిస్తుంది. దానికి విరుగుడు ఏసీ కాదు. పగలంతా తలుపులూ కిటికీలూ మూసి ఉంచి, పొద్దుగుంకగానే ఎదురెదురు గోడల్లోని గవాక్షాలను, పైకప్పు అంచున ఉన్న గాలి సందులను తెరిచి ఉంచితే, తెల్లవారేసరికి గోడలు మళ్లీ చల్లబడతాయి. తూర్పున అద్దం పెట్టావంటే ఉదయం ఏడు గంటలకే ఎండ గదిలోకి దిగుతుంది, ఆ గోడ చేస్తున్న పని అక్కడితో ఆగిపోతుంది. నీ దగ్గరకు వచ్చేవారు డబ్బు ఇచ్చేది ఆ చల్లదనానికి, నిశ్శబ్దానికి; రెండూ ఆ మందపాటి గోడల వల్ల కలుగుతున్నవే.

రెండవది లోపలి గోడలకు సిమెంటు పూత. ఇందులో దెబ్బతిన్నవాడిని కనుక కాస్త వివరంగా చెబుతాను. తరతరాలుగా పశువులు కట్టిన చోట మూత్రం, పేడ నేలలోకి ఇంకి, అందులోని లవణాలు గోడల అడుగు భాగంలోకి ఎక్కి ఉంటాయి. పూర్వం పాత కొట్టాల మట్టిని నీటిలో కడిగి, కాచి, తుపాకి మందుకు కావలసిన పెట్లుప్పును తీసేవారంటే ఆ మట్టిలో ఎంత ఉప్పు చేరుతుందో ఊహించుకో. వానాకాలంలో తడి గోడలోకి పాకినప్పుడు ఆ ఉప్పు కూడా దానితో పైకి వస్తుంది. సున్నపు పూత అయితే తడిని గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు పూత తడిని వెనకే బంధిస్తుంది. నేను తొందరపడి సిమెంటు కొట్టించిన గది రెండు వర్షాకాలాలకే మోకాలి ఎత్తు వరకు బొబ్బలెక్కి, తెల్లటి పొడి రాలుస్తూ, భరించలేని ముక్కిపోయిన వాసన కొట్టింది. దానినంతా చెక్కించి, గోడను ఒక వేసవి అంతా ఎండనిచ్చి, నెలరోజులు నీటిలో మాగిన సున్నాన్ని ఇసుకతో గానుగ పట్టించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి పూయించిన తరువాత గాని ఆ గది మనుషులు పడుకోవడానికి పనికిరాలేదు. 1591లో కట్టిన చార్మినారు ఇప్పటికీ సున్నపు గచ్చుతోనే నిలిచి ఉంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నెమ్మదిగా రాయిగా మారుతుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు పాతబస్తీలో ఇంకా ఉన్నారు, పాత ఇళ్ల మరమ్మతులు చేసేవారిని అడిగితే దొరుకుతారు. మండుటెండలోనూ జోరువానలోనూ ఈ పూత వేయించకూడదు. దసరా వెళ్లిన తరువాత మొదలుపెట్టించు.

అదే కారణం చేత నేలను ఒక అడుగు లోతు తవ్వించి, ఆ మట్టిని పొలంలో చల్లించు, మంచి ఎరువు అవుతుంది. ఆ గుంతను మొరంతో నింపించి, పైన తాండూరు బండలు పరిపించు. పశువులకు మేత వేసే గాడిని మాత్రం తీయించవద్దు. పలక వేస్తే పుస్తకాలు పెట్టుకునే బల్లగా పనికివస్తుంది, పిల్లలు ముందు అక్కడికే పరుగెత్తుతారు. పైకప్పు పెంకులను దించి స్లాబు వేయించాలని గుత్తేదారు రాశాడు. పాత గోడల మీద అంత బరువు పెట్టకు. టేకు దూలాలకు చెద పట్టిన చోటే ముక్క మార్పించి, పెంకులను తీగతో వాసాలకు బిగింపించు, ఎందుకంటే అనంతగిరి వైపు కోతులు ఒక్క పూటలో కప్పు విప్పేస్తాయి.

నీటి సంగతి నీవు రాయనేలేదు. వేసవిలో బోరు ఎంత పోస్తుందో ఏప్రిల్ నెలలో స్వయంగా నిలబడి చూసుకున్న తరువాతే ఎంతమందిని ఉంచాలో నిర్ణయించుకో. నేను ఒకేసారి ఒక్క కుటుంబాన్నే ఉంచుతాను, ఆరుగురికి మించనివ్వను. మరుగుదొడ్డి కొట్టం లోపల కాకుండా ఆనుకుని వేరుగా కట్టించు, సెప్టిక్ ట్యాంకును బావికి, బోరుకు దూరంగా, పల్లపు వైపున పెట్టించు.

కాగితాలలో ముఖ్యమైనది ఒకటే. ఆ స్థలం రికార్డులో వ్యవసాయ భూమిగా ఉంటే, 2006 నాటి చట్టం ప్రకారం వ్యవసాయేతర వినియోగానికి మార్పించుకోకుండా అతిథుల దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. విదేశీయులు బస చేస్తే వారి వివరాలను 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలన్న సంగతి కూడా గుర్తుంచుకో.

ఇక నా మనసుకు అన్నింటికంటే దగ్గరగా ఉన్న విషయం. నీవు అద్దెకు ఇస్తున్న ప్రశాంతత నీది కాదమ్మా, ఆ ఊరిది. తెల్లవారుజామున పొలానికి వెళ్లేవారు, కొట్టం వెనక బాటలో గొర్రెలు తోలుకుపోయేవారు, పక్క ఇంట్లో పొద్దున్నే చీపురు పట్టే ముసలమ్మ, వీరంతా నీ వ్యాపారంలో వాటా లేకుండానే దానిని భరించవలసినవారు. కనుక పని మొదలుపెట్టకముందే సర్పంచి దగ్గరకు మాత్రమే కాక ఆ నాలుగిళ్లకూ వెళ్లి చెప్పు. వంట, శుభ్రం, కాపలా ఆ ఊరివారికే అప్పగించు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, తలకాయ కూర వాళ్లు వండినట్టు నగరం నుంచి తెచ్చిన వంటవాడు వండలేడు. వారి జీతం అతిథులు వచ్చిన రోజులకే కాకుండా నెలకు ఇంత అని స్థిరంగా ఇవ్వు. పుట్టినరోజు వేడుకలకని పెద్ద పెద్ద స్పీకర్లతో వస్తామనేవారికి ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. నీవు పగలు కూడా వద్దని చెప్పు. మొదటి ఏడాది నష్టం వస్తుంది. నాకూ వచ్చింది. తరువాత నిశ్శబ్దం కోసమే వచ్చేవారు నిన్ను వెతుక్కుంటూ వస్తారు, వచ్చినవారే మళ్లీ వస్తారు.

అతిథులకు దారి చెప్పేటప్పుడు చేవెళ్ల మర్రిచెట్ల నీడలు చూస్తూ పగటి వేళే చేరుకోమని చెప్పు, చీకటిలో పల్లె బాటలు వారికి తెలియవు. ఆవరణలో పెద్ద దీపాలు పెట్టించకు. నగరంలో పెరిగిన పిల్లలు చుక్కలను చూడడానికి వస్తారు. అయితే ప్రతి మంచం దగ్గర ఒక టార్చి, నేల మీద పడకలు వేయకుండా ఎత్తైన మంచాలు, అంచులు పరుపు కిందికి మడిచిన దోమతెరలు తప్పనిసరి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారినే ఎక్కువగా కరుస్తుంది. కాటు పడితే గాట్లు పెట్టడం, తాడు బిగించడం చేయకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని తలుపు వెనక రాసి పెట్టించు.

కార్తీక మాసంలో మేస్త్రీని వెంటబెట్టుకుని నేనే వస్తాను. ఆయన గోడను చేత్తో తట్టి చూసేవరకు గుత్తేదారుకు బయానా ఇవ్వవద్దు. మీ మామగారిని అడిగి, ఆ కొట్టంలో వానాకాలంలో ఏ మూల మొదట తడిసేదో, ఏ గోడకు ఎడ్లను కట్టేవారో కాగితం మీద గీసి పెట్టించు. నేను వచ్చేసరికి అది నాకు కావాలి.

మీ మామయ్య