పోస్టర్ అచ్చుకి ఇచ్చేముందు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

మద్దిలపాలెంలో మీ కాలేజీ పిల్లలంతా కలిసి, వచ్చినవాళ్ల కంప్యూటర్లలో గ్నూ/లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించే ఇన్‌స్టలేషన్ శిబిరం పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన పోస్టర్‌లో మాత్రం పైన పెద్దక్షరాలతో "ఉచిత సాఫ్ట్‌వేర్, అంతా ఫ్రీ" అని ఉంది. ఆ లైను తీసేసి "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అని వెయ్యండి. హైదరాబాద్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు పెట్టుకున్న పేరు కూడా అదే కదా.

ఉచితం అని పిలిస్తే జనం ఉచితం కోసమే వస్తారు. వాళ్లకి రేపు ఎవరో లైసెన్స్ లేని కాపీ ఇస్తే అదీ ఉచితమే, మీరు పెట్టింది తీసేసి అది పెట్టించుకుంటారు. వాట్సాప్‌కీ డబ్బులడగరు, కానీ దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, మన చేతికివ్వరు.

గాజువాకలో ఒక ఐరన్ కొట్టాయన బిల్లింగ్ ప్రోగ్రామ్ డబ్బు పెట్టే కొన్నారు. అమ్మిన కంపెనీ మూతపడింది. 2017లో జీఎస్టీ వచ్చేసరికి బిల్లు ఫార్మాట్ మార్చే నాథుడు లేడు. ఇంకొకరి చేత మార్పిద్దామంటే సోర్స్ కోడ్ లేదు. ఖాతాదారుల బాకీలన్నీ ఆ ప్రోగ్రామ్ తప్ప ఇంకేదీ తెరవలేని ఫైల్లో ఉండిపోయాయి. ఆయన కొడుకూ గుమస్తా కూర్చుని పాత బిల్లు పుస్తకాల్లోంచి ఒక్కో పద్దూ మళ్లీ ఎక్కించారు. అలాంటాయనకి ఉచితం అని చెప్పి ఏం లాభం? "ప్రోగ్రామ్‌ని మీకు నచ్చినవాళ్ల చేత బాగుచేయించుకునే హక్కు మీకుంటుంది" అన్నాను. "అయితే మా పద్దులు మా సేతిలోనే ఉంటాయన్నమాట" అన్నారు వెంటనే. శిబిరంలో మీరు చెప్పాల్సింది అదే.

అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల సిస్టమ్ తయారుచేద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ ఈ ఉద్యమం అడుగుతున్నది ఆ హక్కులే. ఏ పనికైనా వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చిన కాపీని కూడా పంచడం. ధర ఊసే లేదు. కాపీ అమ్ముకున్నా, ఇన్‌స్టాల్ చేసినందుకు డబ్బు తీసుకున్నా తప్పు కాదు.

ఇక "ఓపెన్ సోర్స్" సంగతి. నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్ విడుదల చేస్తానన్న రోజుల్లో, 1998 ఫిబ్రవరిలో, క్రిస్టీన్ పీటర్సన్ ఆ మాట సూచించారు. కంపెనీలకి చెప్పడానికి తేలికని చాలామంది అందుకున్నారు. లైసెన్సులు చాలావరకూ రెండువైపులా ఒకటే, ఆ మాట వాడేవాళ్లు మనకి పరాయివాళ్లూ కారు. కానీ ఆ మాట వింటే కోడ్ కనబడితే చాలనిపిస్తుంది. కోడ్ మొత్తం చూపించి, మనం మార్చిన కోడ్ మాత్రం తమ పరికరంలో నడవకుండా తాళం వేసే తయారీదారులున్నారు. అందుకే గ్నూ వాళ్ల లైసెన్స్ అయిన జీపీఎల్‌కి 2007లో వచ్చిన మూడో వెర్షన్‌లో దానికి అడ్డుకట్ట వేశారు. చూడటం వేరు, మార్చి నడుపుకోవడం వేరు అని పిల్లలకి ఒక్క ఫోన్ చూపించి చెప్పు.

సిస్టమ్ పేరు "గ్నూ/లినక్స్" అనే చెప్పండి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసింది కెర్నెల్, అంటే యంత్రాన్నీ ప్రోగ్రాముల్నీ కలిపే లోపలి భాగం. మీరు టెర్మినల్లో వాడే బాష్ (టైపు చేసిన ఆదేశాలు అందుకునేది), జీసీసీ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) గ్నూ వాళ్లవి. ఆండ్రాయిడ్‌లో కెర్నెల్ లినక్సే అయినా గ్నూ లేదు, అందుకే రెండూ అంత వేరుగా ఉంటాయి.

ఎవరో ఒకరు లేచి "ఇది మేధో సంపత్తి ఉల్లంఘన కాదా?" అంటారు. కాపీరైటా, పేటెంటా, ట్రేడ్‌మార్కా అని నెమ్మదిగా అడుగు. మన దేశంలో వాటికి 1957, 1970, 1999 నాటి మూడు వేర్వేరు చట్టాలున్నాయి. పుస్తకానికి కాపీరైట్ రచయిత పోయాక ఇంకా 60 ఏళ్లుంటుంది, పేటెంట్ 20 ఏళ్లకే తీరిపోతుంది, ట్రేడ్‌మార్క్‌ని పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. మూడింటినీ ఒకే మూట కడితే జవాబు చెప్పడానికి దారే ఉండదు. నిజానికి జీపీఎల్ నిలబడింది కాపీరైట్ చట్టం మీదే.

ప్రశ్న అడిగినవాళ్లు "లినక్స్" అన్నా "ఓపెన్ సోర్స్" అన్నా మధ్యలో ఆపి దిద్దకు. అడిగినదానికి జవాబు చెప్పు, నీ మాట నువ్వు వాడు. పదిమందిలో దిద్దించుకున్నవాళ్లు మళ్లీ నోరు విప్పరు.

మీరు రాసిన హాజరు పట్టీ ప్రోగ్రామ్‌ని కూడా పంచుతున్నారట. "జీపీఎల్" అని ఊరికే రాసి వదిలెయ్యకండి. వెర్షన్ చెప్పకపోతే, తీసుకున్నవాళ్లు ఇంతవరకూ వచ్చిన ఏ వెర్షన్‌నైనా ఎంచుకోవచ్చు. మూడో వెర్షనో, "మూడు లేదా ఆ తర్వాతది" అనో మీరే తేల్చుకుని ప్రతి ఫైలు మొదట్లో పేర్లూ సంవత్సరంతో పాటు రాయండి, లైసెన్స్ పూర్తి పాఠం ఒక ఫైలుగా జత చెయ్యండి.

మావయ్య