ఎండతో నీళ్లు తోడిన బొంబాయి కోర్టు ఉద్యోగి కథ

ప్రశ్న: మా మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామంటే మా మామగారు "ఇదంతా నిన్నమొన్నటి మోజు, నాలుగేళ్లు ఆగండి" అంటున్నారు. నిజంగా ఇది అంత కొత్తదా? మన దేశంలో ముందెవరైనా ప్రయత్నించారా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కొత్తది కాదమ్మా, మీ మామగారి తాతల నాటిది. కాకపోతే అప్పట్లో పెద్ద ప్రయత్నాలన్నీ కరెంటు కోసం కాదు, ఎండ వేడితో నీళ్లు మరిగించి ఆ ఆవిరితో ఇంజను నడపడానికి. ఫ్రాన్సులో అగస్టిన్ ముషో అనే లెక్కల మాస్టారు, బొగ్గు ఏదో ఒకరోజు అయిపోతుందన్న దిగులుతో 1860ల్లో ఈ పని పట్టుకుని, 1878 పారిస్ ప్రదర్శనలో ఎండతో ఐసు తయారుచేసి చూపించాడు. అవును, ఎండతో ఐసు!

నాకు మరీ ఇష్టమైన కథ మాత్రం మన బొంబాయిది. అదే కాలంలో అక్కడి హైకోర్టులో పనిచేసే విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషాయన, ముషో వాడిన వంపు అద్దాలు ఖరీదని, మామూలు చదును అద్దాలు చిన్నచిన్నవి చట్రానికి బిగించి, అన్నిటి వెలుగూ ఒక్క రాగి బాయిలరు మీదే పడేలా అర్ధచంద్రాకారంలో నిలబెట్టాడు. పొద్దు జరిగేకొద్దీ ఆ చట్రాన్నీ జరపాలి. దాంతో 2.5 హార్స్‌పవర్ పంపు తిరిగింది. మన బోరు మోటార్ల ముందు చిన్నదే, కానీ ఒక్క కట్టెపుల్ల, ఒక్క బొగ్గుముక్క లేకుండా!

మరి ఎందుకు ఆగిపోయింది? పని చేయక కాదు, బొగ్గు చౌకగా దొరకడం వల్ల. 1913లో ఈజిప్టులో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికా ఇంజనీరు పొడవాటి తొట్టి అద్దాలతో నైలు నీళ్లు తోడి చూపించాడు, మరుసటేడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆ నష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మీరు పెట్టించబోయే రకం సిలికాన్ ప్యానెల్‌కు మూలం 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో వచ్చింది. పడిన ఎండలో అది కరెంటుగా మార్చింది 6 శాతమే, ఇప్పటివి 20 శాతానికి పైగానే మారుస్తున్నాయి. ఆడమ్స్ అద్దాల పద్ధతీ చచ్చిపోలేదు. మన తిరుమలలోనే 2002లో వందకు పైగా డిష్ అద్దాలు పెట్టి, ఆ ఆవిరితో రోజుకు 15 వేల మందికి సరిపడా వంట చేసే ఏర్పాటు జరిగింది. మామగారికి ముందు ఇది చెప్పండి.

పెట్టించేటప్పుడు దక్షిణం వైపు వాలుగా ఉండాలి. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ, వాటర్ ట్యాంకు నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడ పడుతుందో రెండ్రోజులు మిద్దెక్కి చూసుకోండి, కొంచెం నీడ పడినా కరెంటు బాగా తగ్గుతుంది.