మయస్థీనియా మందులు వాడేటప్పుడు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి శైలజకు మీ అత్త ఆశీస్సులు.

నీకు మయస్థీనియా గ్రేవిస్, అంటే కండరాలు త్వరగా అలిసి బలహీనపడే జబ్బు, అని తేలిందని మీ నాన్న చెప్పాడు. ఈ జబ్బుతోనే నా సగం జీవితం గడిచింది కాబట్టి మందుల విషయం నీకు నేనే రాయాలనిపించింది. భయపడకు. మందు సరిగ్గా వాడితే ఉద్యోగం, సంసారం అన్నీ సాగుతాయి.

నీకు రాసిన పిరిడోస్టిగ్మిన్ జబ్బును తగ్గించదు. నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ వెంటనే విరిగిపోకుండా ఆపి, కొన్ని గంటలు బలం ఇస్తుంది. వేసుకున్న అరగంట, ముప్పావు గంటకు పట్టు వస్తుంది, 3, 4 గంటలకు సడలుతుంది. అందుకే డాక్టరు చెప్పిన వేళ దాటనివ్వకు. మింగడం కష్టంగా ఉంటే భోజనానికి అరగంట ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడుగు. నీరసంగా ఉందని సొంతంగా ఇంకో మాత్ర మాత్రం వేసుకోకు. మోతాదు మించితే నోట్లో నీరు ఊరడం, చెమటలు, కండరాలు అదరడం మొదలై, చివరికి బలహీనతే పెరుగుతుంది. అది జబ్బు ముదరడంలాగే కనిపిస్తుంది కాబట్టి తేడా మనకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మయస్థీనియా మందు కాదు, వేరే జబ్బుకు వేసుకునే మందు. పిరిడోస్టిగ్మిన్‌తో కడుపునొప్పి, విరేచనాలు రావడం మామూలే. మన ఊళ్లలో విరేచనాలంటే మందుల దుకాణంవాళ్లు అడగకుండానే ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కూడా ఆ జాతివే. అవి మన కండరాలను ఇంకా కుంగదీస్తాయి, ఊపిరికే ముప్పు తేవచ్చు. మయస్థీనియా ఉన్నవాళ్ల కోసం 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద అతి తీవ్రమైన హెచ్చరిక చేర్చింది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగుతూ న్యూరాలజిస్టుకు ఫోను చేయి. మోతాదైనా సర్దుతారు, వేరే మాత్రైనా రాస్తారు.

జ్వరానికీ, దగ్గుకూ ఇంతే జాగ్రత్త. అజిత్రోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్, మలేరియాకు ఇచ్చే క్వినైన్, క్లోరోక్విన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ లాంటివి, చివరికి కంటిలో వేసే టిమొలాల్ చుక్కలు కూడా మనకు పడకపోవచ్చు. రేపు నువ్వు తల్లివి కావాలనుకుంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడు. ఈ జబ్బుకు కొందరికి రాసే, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. కాన్పు సమయంలో బీపీ పెరిగితే సాధారణంగా ఎక్కించే మెగ్నీషియం ఇంజక్షను మనకు ప్రమాదం. ఈ సంగతి కాన్పు చేసే డాక్టరుకు మొదటి నెలల్లోనే చెప్పు. జబ్బు పేరు, వాడుతున్న మందులు, పడని మందులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే చూపించు. ఆపరేషను ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చూపించాలి.

ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మొదలుపెడితే తొలి రెండు మూడు వారాల్లో బలహీనత కొంత పెరగవచ్చు. కంగారుపడి మానకు, ఆ రోజుల్లో ఒంటరిగా మాత్రం ఉండకు. ఉదయం టిఫిను తిన్నాక వేసుకో. ఒళ్లు వచ్చిందనో, ముఖం ఉబ్బిందనో ఎవరో అన్నారని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరే మెల్లగా తగ్గించాలి. చక్కెర, బీపీ, ఎముకల పరీక్షలు చేయించుకుంటూ ఉండు. రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్ రాస్తే ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. రక్తపరీక్షలు ఎగ్గొట్టకు.

గుటక పడకపోయినా, మెడ నిలవకపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా మాత్రల కోసం వెతకకుండా 108కి ఫోను చేయించు. నిండా ఊపిరి పీల్చి ఒకే గుక్కలో బయటికి అంకెలు లెక్కపెట్టి చూసుకో. 20 దాకా రాలేదంటే తెల్లారేదాకా ఆగే పని లేదు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. మీ ఆయనకూ ఇది నేర్పు.

చిన్న ఊళ్ల దుకాణాల్లో పిరిడోస్టిగ్మిన్ ఎప్పుడూ దొరకదు. డబ్బా అడుగంటకముందే వచ్చే నెల మందు తెప్పించి పెట్టుకో. ఇప్పుడు వాడుతున్న చీటీ ఫొటో తీసి నాకు పంపు, ఆదివారం ఫోనులో కలిసి చూద్దాం.

మీ అత్త