61 మెగాపిక్సెళ్ల కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. పోటీదారులు 61 మెగాపిక్సెళ్లని చెప్పి ఆర్డర్లు పట్టుకుంటున్నారు. అలాంటి కెమెరాకు, లెన్సుకు కలిపి 4 లక్షల అప్పు 14 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దనే చెబుతాను. మీకు డబ్బు వచ్చేది ఆల్బమ్ మీద కాబట్టి లెక్క అక్కడే మొదలుపెడదాం. 12×36 ఆల్బమ్‌లో, అంటే రెండు పేజీలు తెరిచి పరిస్తే 36 అంగుళాలు వచ్చేదాంట్లో, ఒక్కో పేజీ 12×18 అంగుళాలు. మంచి ముద్రణకు కోరే అంగుళానికి 300 చుక్కల చొప్పున చూసినా 3600×5400 పిక్సెళ్లు, అంటే 19.4 మెగాపిక్సెళ్లు సరిపోతాయి (మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు, ఫొటోలోని చుక్కలు). మీ కెమెరా 6000×4000 ఇస్తోంది. ఒకే ఫొటోను రెండు పేజీల మీదా పరిస్తే అంగుళానికి సుమారు 167 చుక్కలకు పడిపోయే మాట నిజమే గానీ, ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూసే చుట్టాలు దాన్ని పట్టుకోలేరు. 4కె టీవీకైతే 8.3 మెగాపిక్సెళ్లే చాలు.

61 అనగానే రెండున్నర రెట్లు అనిపిస్తుంది. 61 మెగాపిక్సెళ్ల కెమెరా అయిన సోనీ ఏ7ఆర్ 5లో ఫొటో పొడవు 9504 పిక్సెళ్లు, అంటే మీ దానికి సుమారు 1.6 రెట్లు మాత్రమే. కుదించని రా ఫైలు (కెమెరా మార్పుల్లేకుండా దాచే అసలు ఫొటో) ఒక్కోటి దాదాపు 120 ఎంబీ ఉంటుంది కనుక 3,000 ఫొటోల పెళ్లికి 360 జీబీ కావాలి. ఆ హార్డ్ డిస్కుల ఖర్చు అప్పు కాగితాల్లో కనిపించదు.

ఈఎంఐ నెలకు సుమారు 13,670 రూపాయలు, మూడేళ్లలో వడ్డీయే 92 వేలు అవుతుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలు ఉండవు, వాయిదా తేదీ మాత్రం వాటి కోసం ఆగదు.

మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్ 12 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసింది. పేజీ నిండా ఉన్న ఫొటోలో గోరింటాకు గీతలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. పాడైనవల్లా తలంబ్రాలప్పుడు తీసిన రెండు ఫొటోలు. ఫంక్షన్ హాల్లో వెలుతురు చాలక, షట్టర్ నెమ్మదించి, చేతులు అలుక్కుపోయాయి. ఎన్ని మెగాపిక్సెళ్లున్నా అవి అలాగే వచ్చేవి. అందుకే మీ పొదుపులోంచి వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 లెన్సు ఒకటి, మంచి ఫ్లాష్ ఒకటి కొనమంటాను, అదీ ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకున్నాకే.

నగల ప్రకటనలు తీసేవారికి, ఫొటోలో చిన్న భాగాన్ని కత్తిరించి పెద్దగా ముద్రించాల్సినవారికి 61 మెగాపిక్సెళ్లు నిజంగా పనికొస్తాయి. హోర్డింగులకు కావాలన్నది అపోహే, వాటిని దూరం నుంచి చూస్తాం కదా. అలాంటి ఆర్డరు వచ్చిన రోజు కెమెరా అద్దెకు తెచ్చి, ఆ ఖర్చును బిల్లులో కలపండి. అద్దె రసీదులన్నీ దాచండి. ఏడాది తిరిగేసరికి వాటి మొత్తం 1.64 లక్షలు, అంటే ఏడాది ఈఎంఐల సొమ్ము దాటితే, అప్పుడు అప్పు సంగతి మళ్లీ లెక్క వేద్దాం.